ర్యాంకెంత అని అడిగితే ఏం చెప్పను?

మా అన్న కూతురికి అమెరికాలో మెడిసిన్ సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి కర్నూలులో నన్ను కలిసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "ర్యాంకెంత?" క్లినిక్ కింద మందుల షాపతను అడిగాడు. మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వాకింగ్ ఆపి మరీ అడిగారు. ర్యాంకు లేదండీ అంటే నమ్మరు. "అయితే డొనేషనా?" అని గొంతు తగ్గించి అడిగినవాళ్ళూ ఉన్నారు.

డొనేషనూ కాదు. మరి ఏమిటంటే, రోడ్డు మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, పిల్లల డాక్టరుగా ఈ ఊళ్ళోనే ప్రాక్టీసు చేసుకుంటున్నదాన్ని. అమెరికాలో చదవలేదు, పని చేయలేదు. కానీ ఆ పిల్ల డిగ్రీలో చేరిన దగ్గర నుంచి అప్లికేషన్ పంపేదాకా ఫోన్లో నా చెవి వదల్లేదు. వేసవికి ఇక్కడికి వచ్చినప్పుడు నా ఓపీలోనే కూర్చుంది. కాబట్టి కొంత తెలుసు.

మొదట చెప్పాల్సింది, అక్కడ ఇంటర్ అవగానే ఎంబీబీఎస్ లేదు. కొన్ని కాలేజీల్లో స్కూలు అయిపోగానే డిగ్రీకీ మెడిసిన్‌కీ కలిపి సీటిచ్చే కోర్సులు ఉన్నాయి కానీ అవి చాలా తక్కువ. మిగతా అందరూ నాలుగేళ్ళ డిగ్రీ చేయాలి, ఆ తర్వాత నాలుగేళ్ళ ఎండీ. వాళ్ళ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి మెడికల్ డిగ్రీయే. మనం ఎండీ పీడియాట్రిక్స్ అని చేసేది వాళ్ళు రెసిడెన్సీలో చేస్తారు. డిగ్రీలో ఏ సబ్జెక్టైనా తీసుకోవచ్చు. బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ మాత్రం చాలాచోట్ల ల్యాబులతో సహా చేసి ఉండాలి, బయోకెమిస్ట్రీ కూడా చాలా కాలేజీలు అడుగుతాయి. మా పిల్ల మేజర్ సోషియాలజీ. "సోషియాలజీ చదివి సూది మందు వేస్తుందా?" అని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. మా అన్నకైతే ఆ ఏడాదంతా టెన్షనే.

మార్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్ళకు అది చెప్పకుండానే అర్థమవుతుంది. ఎండీ కాలేజీల్లో చాలావాటికి కలిపి ఒకే అప్లికేషన్ ఉంది, దాని పేరు ఆమ్‌కాస్. టెక్సస్‌లోని ప్రభుత్వ కాలేజీలది వేరే. 2023లో ఎండీ కాలేజీల్లో చేరినవాళ్ళ డిగ్రీ గ్రేడ్ల సగటు, అంటే జీపీఏ, నాలుగుకు 3.77. అప్లై చేసినవాళ్ళు 52 వేల పైచిలుకు, చేరినవాళ్ళు 23 వేలకు కాస్త తక్కువ. ఒక సబ్జెక్టులో తక్కువ గ్రేడు వచ్చి, మళ్ళీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా ఆమ్‌కాస్ రెండింటినీ లెక్కలో వేస్తుంది. బెటర్‌మెంట్ రాస్తే పాత మార్కులు పోతాయి అనుకునే మనకు ఇది కొత్త. ప్రవేశ పరీక్ష ఎంక్యాట్. నాలుగు భాగాలు, మొత్తం స్కోరు 472 నుంచి 528 దాకా. 2023లో చేరినవాళ్ళ సగటు 511.7. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు కూర్చోవాలి. నెగెటివ్ మార్కులు లేవు. ఒక భాగం మొత్తం పేరాలు చదివి అర్థం చేసుకోవడమే, అందులో సైన్సు ముక్క ఉండదు. ఇంకో భాగం సైకాలజీ, సోషియాలజీ. మా పిల్లకు ఆ సోషియాలజీ అప్పుడు పనికొచ్చింది.

ఇంతవరకు మన నీట్ పిల్లలు కూడా నెగ్గుకొస్తారు. మన పిల్లలు తడబడేది తర్వాతి భాగంలో.

అప్లికేషన్లో "నువ్వు చదువు కాకుండా ఏం చేశావు" అనే భాగం ఉంటుంది. మా పిల్ల పెట్టిన ఏడాది 15 గళ్ళు ఇచ్చారు. ఒక్కో గడిలో 700 అక్షరాలు మించకూడదు, గుర్తుంచుకోండి, పదాలు కాదు అక్షరాలు. చేసిన గంటలు రాయాలి, అది నిజమో కాదో చెప్పగల మనిషి పేరు, నంబరు ఇవ్వాలి. అందులో మూడింటిని "నాకు ఇవి ముఖ్యం" అని ఎంచుకుని మరికొంత రాసుకోవచ్చు. 15 గళ్ళు కనబడగానే మా అన్నకు అన్నీ నింపేయాలని ఆత్రం. రెడ్‌క్రాస్ క్యాంపు ఒక రోజు, ఊరి చెరువు శుభ్రం చేసింది ఒక పూట, కూచిపూడి అరంగేట్రం, తెలుగు సంఘం ఉగాదికి వడ్డన చేసింది. ఆ పిల్ల వినలేదు. పదకొండే నింపింది.

ఆ పదకొండులో మూడు మాత్రం చెబుతాను. ఒకటి, ఆసుపత్రి ఎమర్జెన్సీలో స్క్రైబ్ ఉద్యోగం. అంటే డాక్టరు పక్కన నిలబడి, ఆయన రోగితో మాట్లాడుతుంటే కంప్యూటర్లో కేసు షీటు రాయడం. జీతం తక్కువ, రాత్రి డ్యూటీలు. మన దగ్గర ఇంటర్నులు తిట్టుకుంటూ చేసే పని అది. కానీ దానివల్ల ఈ పిల్ల ఛాతీ నొప్పితో వచ్చినవాడిని ఏ వరసలో ఏం అడుగుతారో మెడికల్ కాలేజీ గడప తొక్కక ముందే నేర్చుకుంది. రెండోది, వృద్ధాశ్రమంలో ఆదివారాలు. అక్కడ ఏం చేస్తావే అంటే, "ఏం లేదత్తా, పేకాట ఆడతాను, వాళ్ళు చెప్పిన కథే మళ్ళీ చెబుతారు, వింటాను" అనేది. డిగ్రీ రెండో ఏడాది మొదలుపెట్టి అప్లికేషన్ పంపేదాకా మానలేదు. మూడోది కాఫీ షాపులో ఉద్యోగం. ఇది రాయొద్దని మా అన్న పట్టుబట్టాడు, పరువు పోతుందట. "గిన్నెలు కడిగానని డాక్టర్లకు చెప్పుకుంటావా?" అన్నాడు. చెప్పుకుంది. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగింది ఆ కాఫీ షాపు గురించేనట. కోపంగా వచ్చిన కస్టమర్‌తో ఏం మాట్లాడావు, తోటి పనివాడు ఎగ్గొడితే ఏం చేశావు అని. రోగులూ వాళ్ళ బంధువులూ నన్ను రోజూ పెట్టే పరీక్ష అదే కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఇక కర్నూలు సంగతికి వస్తాను. నిజానికి ఈ పోస్టు రాయడానికి సగం కారణం ఇదే.

ప్రతి ఏప్రిల్‌లో నాకూ, నా తోటి డాక్టర్లకూ అట్లాంటా నుంచి, డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఫోన్లు వస్తాయి. "అక్కా, మావాడు సెలవులకు వస్తున్నాడు, నెల రోజులు షాడోయింగ్ ఇప్పించు." షాడోయింగ్ అంటే డాక్టరు వెనకాలే ఉండి చూడటం. చూడటం వరకే. సరే, రమ్మంటాను. వస్తారు. కొందరు మంచి పిల్లలు. కొందరు రెండో రోజుకే ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. కొందరు "అత్తా, నన్ను ఒక ఇంజెక్షన్ వెయ్యనివ్వవా, అక్కడ అసలు ముట్టుకోనివ్వరు" అంటారు. అక్కడ ముట్టుకోనివ్వని పని ఇక్కడెందుకు ముట్టుకోనివ్వాలి? పత్తికొండ నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లాడి ఒళ్ళు ప్రాక్టీసుకు ఉందా? ఈ ఊళ్ళోనే ఇంకోచోట ఒకబ్బాయి చేత కుట్లు వేయించి, ఫొటో తీసి పంపించారు. వాళ్ళ నాన్న దాన్ని గర్వంగా నాకు ఫార్వర్డ్ చేశాడు. ఆ ఫొటో అప్లికేషన్ చూసే కమిటీ కంట పడితే మెచ్చుకోరు, ఈ అబ్బాయికి తన హద్దు తెలియదు అనుకుంటారు. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఈ విషయం మీదే మార్గదర్శకాలు పెట్టింది: వేరే దేశంలో ఉన్నా సరే, శిక్షణ లేని పని రోగి మీద చేయొద్దని. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నకు ఈ మాట చెప్పాను. తర్వాత ఫోన్ చేయలేదు.

మా పిల్ల ఏం చేసిందో చెబుతాను. మే నెల. మా ఊరి ఎండ తెలిసిందే కదా, వాంతులు, బేదులతో ఓపీ నిండిపోయే కాలం. కోసిగి వైపు నుంచి ఒకామె ఏడాదిన్నర పిల్లాడిని తీసుకొచ్చింది. గుంటూరు మిరప కోతలకు పోయి వచ్చిన కుటుంబం. రెండు రోజులుగా బేదులు. కళ్ళు లోతుకు పోయాయి కానీ పిల్లాడు నీళ్ళు చూస్తే చెయ్యి చాస్తున్నాడు, సెలైన్ పెట్టేంత ప్రమాదం లేదు. ఓఆర్ఎస్ ఇస్తున్నావా అన్నాను. "ఇస్తాండా మేడమ్, గలాసులో ప్యాకెట్టంతా కలిపి తాపినా. తాగుతానే కక్కుతాడు." లీటరు నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్టు అది. గ్లాసుడు నీళ్ళలో కలిపితే ఉప్పు అయిదింతలు. నేను ఎప్పుడూ చెప్పేట్టే చెప్పాను: లీటరు నీళ్ళలో కలుపు, స్పూనుతో కొంచెం కొంచెం తాపించు, కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టు, జింకు మాత్ర పద్నాలుగు రోజులు వెయ్యి. ఆమె తల ఊపింది. బయట ఇరవై మంది ఉన్నారు. తర్వాతి వాళ్ళను పిలిచాను.

ఆ పిల్ల లేచి ఆమె వెనకే పోయింది. కాసేపటికి తిరిగొచ్చి, "అత్తా, లీటరంటే ఎంతో ఆమెకు తెలీదు. తల ఊపింది కానీ తెలీదు. బయట కాంపౌండర్ని అడుగుతోంది" అంది. మధ్యాహ్నం మందుల షాపు నుంచి ఒక లీటరు నీళ్ళ సీసా తెచ్చి, నీళ్ళు తాగేసి, ఖాళీది నా టేబుల్ మీద పెట్టింది. మర్నాటి నుంచి బేదుల కేసు వస్తే బయట బెంచీ మీద కూర్చుని ఆ సీసా, ప్యాకెట్టు తల్లి చేతికే ఇచ్చి, "ఇంటికెళ్ళి ఎట్ల కలుపుతావు, నాకు చూపించక్కా" అని అడిగేది. ఆ అమెరికా తెలుగు విని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే చూపించేవాళ్ళు. తప్పు కలిపితే, కాంపౌండర్‌ను పిలిచేది. తనంతట తాను వైద్యం చెప్పేది కాదు. మందు పేరు ఒక్కటి కూడా నోట రాలేదు. అందుకే నాకు ధైర్యం.

ఆ సీసా ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది, పక్కన కాంపౌండర్ స్కెచ్ పెన్నుతో గీసిన గీత కూడా. అప్లికేషన్లో ఈ కర్నూలు వేసవి ఎంత ఉందనుకున్నారు? ఒక గడి. ముఖ్యమైన మూడింట్లో కూడా లేదు. నాకు కొంచెం బాధ వేసిన మాట నిజమే! ఎందుకే అంటే, "సెలవుల్లో వచ్చి చేసింది కదత్తా. నేనుండే ఊళ్ళో వారం వారం ఏం చేశానన్నదే వాళ్ళకు కావాలి" అంది. ఆలోచిస్తే నిజమే. విమానమెక్కి వచ్చి చూపించే దయ నెల రోజులకు సరిపోతుంది. పేకాట ఆడే ముసలాయన దగ్గరికి మూడేళ్ళు ఆదివారాలు పోవాలంటే వేరే ఏదో ఉండాలి.

ఉత్తరాల గొడవ ఇంకోటి. సిఫారసు ఉత్తరాలు కావాలి, ఎక్కువగా సైన్సు పాఠం చెప్పిన ప్రొఫెసర్లవి. నాకు వచ్చే ఫోన్లలో రెండో కోరిక ఇదే: "మావాడే రాసి పంపిస్తాడు, నువ్వు లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టిస్తే చాలక్కా." నేను పెట్టను. అసలు ఆ ఉత్తరం నేరుగా కాలేజీలకు పోతుంది, దాన్ని చూసే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి ముందే ఒప్పుకోవడం అక్కడి పద్ధతి. మేనత్తో, పిన్నో రాసిన ఉత్తరానికి విలువేముంటుంది? మా పిల్లకు అందరికంటే గట్టి ఉత్తరం ఎవరిచ్చారో తెలుసా, ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఆ సబ్జెక్టులో మొదటి పరీక్షలో ఆ పిల్లకు వచ్చినవి చెప్పుకోదగ్గ మార్కులు కాదు. అప్పటినుంచి ప్రతి వారం ఆయన గదికి పోయి, తప్పు చేసిన లెక్కలన్నీ ఆయన ముందు మళ్ళీ చేసేది. చివరికి ఎ గ్రేడు రాలేదు, బి ప్లస్సే. కానీ ఆ గదికి ఎన్ని వారాలు వచ్చిందో ఆయనకు తెలుసు. ఎ వచ్చిన క్లాసుల్లో ప్రొఫెసర్లకు ఈమె మొహం కూడా గుర్తులేదు.

"నేనెందుకు డాక్టర్ కావాలనుకుంటున్నాను" అని ఒక వ్యాసం రాయాలి, 5300 అక్షరాల్లో. మొదటి చిత్తు నాకు పంపింది. మా నాన్న గుండెపోటు, పెద్దాసుపత్రి వరండా, కన్నీళ్ళు, కొండారెడ్డి బురుజు మీద సూర్యాస్తమయం, అన్నీ ఉన్నాయి. చదివి నేను కూడా ఏడ్చాను. కానీ మా నాన్న గురించి తెలిసింది తప్ప ఆ పిల్ల గురించి ఒక్క ముక్క తెలియలేదు. అదే చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి పంపిన వ్యాసం స్క్రైబ్ డ్యూటీలో ఒక రాత్రి గురించి, చాలా మామూలు రాత్రి, ఎవరూ చనిపోలేదు. నన్నడిగితే అది బాగుంది.

ఇది రాస్తూ నాకు తట్టింది, నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎంసెట్ రాశాను, ర్యాంకొచ్చింది, చేరిపోయాను. నీట్ పిల్లలనూ ఎవరూ అడగరు. 180 ప్రశ్నలు, 720 మార్కులు, ఒక ఆదివారం మధ్యాహ్నం. అలాగని వాళ్ళ పద్ధతే గొప్పదని నేననను. ఇంట్లో ఒక్క డాక్టరు కూడా లేని ఆలూరు పిల్ల, ప్రభుత్వ హాస్టల్లో చదివి, ఎవరి ఉత్తరమూ లేకుండా మా కాలేజీలో చేరగలిగిందంటే ఆ ఒక్క పరీక్ష వల్లే. అమెరికా పద్ధతిలో షాడోయింగ్ ఎక్కడ దొరుకుతుంది? నాలాంటి అత్త ఉన్నవాళ్ళకు ముందు దొరుకుతుంది. పేద పిల్లలకు ఫీజు మాఫీ ఉంది, కానీ అత్తలను మాఫీలో ఇవ్వరు కదా.

మనవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది, ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. వీసా. మా పిల్ల అక్కడే పుట్టింది కాబట్టి సమస్య రాలేదు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో హెచ్ 4 మీద వెళ్ళిన పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఆ వీసా పోతుంది. గ్రీన్‌కార్డు క్యూలో భారతీయులకు ఎన్నేళ్ళు పడుతుందో అందరికీ తెలుసు. సరిగ్గా మెడిసిన్‌కు అప్లై చేసే వయసుకు వాళ్ళు విదేశీ విద్యార్థులైపోతారు. విదేశీ విద్యార్థులను తీసుకునే ఎండీ కాలేజీలు కొన్నే. ప్రభుత్వ కాలేజీలు సొంత రాష్ట్రం వాళ్ళకే పెద్దపీట వేస్తాయి. తీసుకునే కొన్ని కూడా ఫీజు ముందే చూపించమని అడగొచ్చు. పిల్లాడు మూడో తరగతి నుంచి అక్కడే చదివినా లెక్కలోకి రాదు. నా క్లాస్‌మేట్ కొడుకు విషయంలో ఇది డిగ్రీ మూడో ఏడాది తెలిసింది ఇంట్లో. అంతకుముందు తెలిసుంటే కాలేజీల జాబితా వేరేగా వేసుకునేవాడు. కాబట్టి డిగ్రీ మొదటి ఏడాదే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఈ ఒక్క లైను వెతికి రాసి పెట్టుకోండి.

ఇక్కడ కర్నూలులో ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు, మావాడిని ఇక్కడ బీఎస్సీ చేయించి అక్కడ ఎండీకి పంపొచ్చా అని. చాలా కాలేజీలు అమెరికాలోనో కెనడాలోనో చదివిన డిగ్రీ, లేకపోతే అందులో కొంత భాగమైనా అడుగుతాయి. ఆ దారి పేరుకే దారి. ఇక్కడే ఎంబీబీఎస్ చేసి, యూఎస్ఎంఎల్ఈ అనే అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్షలు రాసి రెసిడెన్సీకి పోవడం పాత దారే, నా బ్యాచ్ వాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు. 2022 నుంచి దాని మొదటి స్టెప్‌కు స్కోరు ఇవ్వడం మానేసి పాసా ఫెయిలా అని మాత్రమే చెబుతున్నారు.

తేదీలు: అప్లికేషన్ మే మొదట్లో తెరుచుకుంటుంది, నెలాఖరు నుంచి పంపొచ్చు. వచ్చినవి వచ్చినట్టు చూస్తూ పోతారు కాబట్టి జూన్‌లో పంపినవాడికీ అక్టోబర్‌లో పంపినవాడికీ చాలా తేడా ఉంది. తర్వాత ఒక్కో కాలేజీ మళ్ళీ తన ప్రశ్నలు పంపుతుంది, మా పిల్ల జులై అంతా వాటితోనే సరిపెట్టింది. ఇంటర్వ్యూలు చలికాలం దాటేదాకా. సీటొస్తే చేరేది మరుసటి ఏడాది ఆగస్టు ప్రాంతంలో. అంటే డిగ్రీ అయిపోయాక ఒక ఏడాది ఖాళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఏడాదిని చూసి ఇక్కడ "పాపం, సీటు రాలేదంట" అన్నారు. అక్కడ సగానికి పైగా పిల్లలు అలా ఆగే చేరతారు. మా పిల్ల ఆ ఏడాది స్క్రైబ్ డ్యూటీలు పెంచుకుంది, కారు అప్పు తీర్చుకుంది.

ఇంతా రాశాక కూడా వచ్చే వేసవికి పిల్లలను పంపుతామంటే పంపండి, నాకు అభ్యంతరం లేదు. ఓపీ తొమ్మిదిన్నరకు మొదలవుతుంది, అంతకంటే ముందు ఉండాలి. తెలుగు మాట్లాడటం వస్తే చాలు, చదవడం రాకపోయినా పర్వాలేదు. ఫోను బయట బల్ల మీద పెట్టాలి, పిల్లల ఫొటోలు తీయకూడదు. తల్లి వద్దంటే గదిలోంచి బయటికి రావాలి, మొహం మాడ్చుకోకుండా. స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని రావొద్దు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో, ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ. గంటలు ఎన్నయితే అన్నే రాసిస్తాను. లెటర్ మాట మాత్రం ఎత్తొద్దు.